హారం దొరకని భిన్నం: కొత్త ఫ్లూ ఎంత ప్రమాదం?

కేంద్ర ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారం 2014లో మన దేశంలో స్వైన్ ఫ్లూ కేసులు 937, మరణాలు 218. అంటే సోకిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరు పోయారన్నమాట. అదే వైరస్ కొత్తగా వచ్చిన 2009లో కేసులు 27,236, మరణాలు 981. అప్పుడు నూటికి నలుగురు కూడా లేరు. ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఐదేళ్లలో జబ్బు ఆరు రెట్లు ముదిరిందనిపిస్తుంది. ముదరలేదు. వైరస్ దాదాపు అదే. 2009 మే, జూన్ నెలల్లో విదేశాల నుంచి దిగి కాస్త జలుబు చేసినవాళ్ల గొంతులోంచి కూడా నమూనా తీశారు. కొన్నాళ్లకు ప్రభుత్వం రోగులను ఎ, బి, సి అని మూడు వర్గాలు చేసింది. మామూలు జ్వరం, దగ్గు ఉన్న ‘ఎ’ వాళ్లకు పరీక్ష అక్కర్లేదంది. ఊపిరాడక ఆసుపత్రిలో చేరాల్సిన ‘సి’ వాళ్లకే పరీక్ష. వారం రోజులు మంచం పట్టి, కషాయం తాగి, లేచి పనిలోకి పోయినవాళ్లు ఏ రిజిస్టర్లోకీ ఎక్కలేదు.

కొత్త ఫ్లూ వచ్చిన ప్రతిసారీ రేగే గొడవకు మూలం ఇక్కడుంది. ‘ఎంత ప్రమాదం?’ అని జనం అడుగుతారు. జవాబుగా ఎవరో ఒక శాతం చెబుతారు. ఆ శాతం ఒక భిన్నం. పైన లవం చనిపోయినవాళ్లు, కింద హారం సోకినవాళ్లు. లవం మర్నాటి పత్రికలో మొదటి పేజీలో కనిపిస్తుంది. హారం తేలడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. ఈలోగా చేతికి అందిన హారమేదో పెట్టి లెక్క కట్టేస్తారు. భయపడేవాళ్లూ, తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లూ ఆ లెక్క మీదే నిలబడి వాదించుకుంటారు. 2009 నాటి ఈ స్వైన్ ఫ్లూ (హెచ్1ఎన్1) మీద జరిగినంత పరిశోధన, విచారణ, తగవు ఇంకే కొత్త ఫ్లూ మీదా జరగలేదు. కాబట్టి ఈ సమీక్షకు అదే ఇరుసు. ముందువీ వెనకవీ అవసరం మేరకు.

2009 ఏప్రిల్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల నమూనాల్లో పందుల ఫ్లూ తరహా కొత్త వైరస్ బయటపడింది. ఇద్దరికీ పందులతో సంబంధం లేదు. ఇద్దరూ మామూలుగా కోలుకున్నారు. అదే నెలలో మెక్సికోలో పడుచు వయసువాళ్లు నిమోనియాతో చనిపోతున్నారు. నెలాఖరుకు అక్కడి అనుమానిత మరణాలు 150 దాటాయి. ప్రయోగశాలలో రుజువైనవి మాత్రం అప్పటికి ఏడు. మెక్సికో నగరంలో బళ్లు, హోటళ్లు, సినిమా హాళ్లు మూసేశారు. ఒకే వైరస్ సరిహద్దుకు ఒకవైపు చంపుతోంది, రెండోవైపు ముక్కు కారించి వదిలేస్తోంది. మెక్సికో వాళ్ల ఒంట్లో ఏదో లోపముందని, అక్కడి వైరస్ వేరని రకరకాల ఊహాగానాలు సాగాయి. అసలు సంగతి చాలా మామూలుది. మెక్సికోలో ముందుగా లెక్కకు వచ్చింది ఆసుపత్రి మంచాల మీదున్నవాళ్లు. అమెరికాలో ముందుగా లెక్కకు వచ్చింది జ్వరమొచ్చి క్లినిక్కుకు నడిచి వచ్చినవాళ్లు.

మే నెలలోనే ‘సైన్స్’ పత్రికలో ఒక అంతర్జాతీయ బృందం తొలి అంచనా వేసింది. ఏప్రిల్ చివరికల్లా మెక్సికోలో సోకినవాళ్లు 6,000 నుంచి 32,000 మధ్య, సుమారుగా 23,000 ఉంటారని, వాళ్లలో చనిపోయేవాళ్లు 0.4 శాతమని ఆ లెక్క సారాంశం. విదేశాల నుంచి మెక్సికో వెళ్లొచ్చిన పర్యాటకుల్లో ఎంతమందికి సోకిందో చూసి, దాన్నిబట్టి స్థానికుల్లో ఎంత వ్యాపించి ఉంటుందో వెనక్కి లెక్కగట్టడం అందులోని తెలివైన ఎత్తుగడ. ఏడాది చివరికి అమెరికా సమాచారంతో చేసిన అధ్యయనంలో లక్షణాలున్న రోగుల్లో మరణాలు 0.048 శాతానికి దిగాయి. ఇంగ్లండులో లక్షకు 26 మంది అని తేలింది. ఎనిమిది నెలల్లో అంచనా ఎనిమిదో వంతుకూ అంతకన్నా కిందికీ పడిపోయింది. ఆ తర్వాత రక్త పరీక్షల ఫలితాలు వచ్చాయి. లండన్ ప్రాంతంలోనూ, వెస్ట్ మిడ్‌లాండ్స్‌లోనూ తొలి విడత పూర్తయ్యేసరికే ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో యాంటీబాడీలు కనిపించాయి. డాక్టర్ల దగ్గర నమోదైన కేసులనుబట్టి వేసిన అంచనాకు ఇది పది రెట్లు. హారం అక్కడ దొరికింది, అదీ అందరి భయమూ తీరిపోయాక.

తొలినాళ్ల శాతం ఎప్పుడూ పెద్దదే అయి ఉంటుందనుకుంటే అదీ పొరపాటే. జబ్బు పెరుగుతున్న వేళ ఇవాళ నమోదైనవాడు చనిపోతే రెండు మూడు వారాల తర్వాత చనిపోతాడు. ఇవాళ్టి మరణాలను ఇవాళ్టి కేసులతో భాగిస్తే శాతం ఉన్నదానికంటే చిన్నదిగా కనబడుతుంది. ఒకవైపు తేలికపాటి కేసులు లెక్కలోకి రాక శాతం ఉబ్బుతుంది, మరోవైపు చావులు ఇంకా రాక కుంగుతుంది. ఏది ఎంత అన్నది ఆ దేశంలో పరీక్షలు ఎలా జరుగుతున్నాయి, మరణాలు ఎలా నమోదవుతున్నాయి అన్నదాన్నిబట్టి ఉంటుంది. మన దేశంలో 2020 నాటి లెక్కల్లో కూడా, నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసి ధ్రువీకరించినవి ఐదింట ఒకటికి కొంచెం ఎక్కువ, అంతే.

పాత సంగతులు చూసినా ఇదే తంతు. 1957 మేలో ‘ఆసియా ఫ్లూ’ సింగపూర్ నుంచి ఓడలో మద్రాసు రేవుకు వచ్చింది. మరుసటి ఫిబ్రవరి దాకా దేశంలో 44 లక్షలకు పైగా కేసులు, 1,098 మరణాలు నమోదయ్యాయి. నాలుగు వేల మందికి ఒకరు. అదే ఫ్లూకి ప్రపంచమంతటా 11 లక్షల మంది బలయ్యారని తర్వాతి పరిశోధకులు అంచనా కట్టారు. ఇక్కడ జ్వరాలను శ్రద్ధగా లెక్కపెట్టారు, చావులు లెక్క తప్పాయి. 1918 సంగతి ఇంకా విచిత్రం. ఆనాటి ఫ్లూలో మరణాల రేటు రెండున్నర శాతం అని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. ప్రపంచ జనాభాలో మూడో వంతుకు, అంటే 50 కోట్ల మందికి సోకిందనీ, 5 కోట్ల మంది పోయారనీ కూడా అవే పుస్తకాలు రాస్తాయి. 50 కోట్లలో 5 కోట్లంటే పది శాతం. మూడు అంకెలూ ఒకేసారి నిజం కాలేవని భాగహారం వచ్చిన పిల్లవాడికి కూడా తెలుస్తుంది. అయినా మూడూ పక్కపక్కనే అచ్చవుతూ వస్తున్నాయి. మన దేశంలో అప్పుడు పోయినవాళ్లు కోటీ ఇరవై లక్షలని కొందరు, కోటిన్నర దాటారని మరికొందరు, ఇంకా పైకి వెళ్లినవాళ్లు కొందరు. 1911కీ 1921కీ మధ్య దేశ జనాభా పెరగకపోగా కొద్దిగా తగ్గింది. తగ్గిన తలల్నిబట్టి లెక్క వెనక్కి నడిచిందే గాని, ఎవరూ శవాలు లెక్కపెట్టలేదు.

అధికారుల తప్పొప్పుల దగ్గరికి వద్దాం. 2009 జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి మార్గరెట్ చాన్ మహమ్మారి ఆరో దశ ప్రకటించారు. అన్నిటికంటే పై మెట్టు అదే. విన్నవాళ్లకి జబ్బు అత్యంత తీవ్రమైపోయిందనిపించింది. నిజానికి ఆ దశలు వైరస్ ఎన్ని ప్రాంతాలకు పాకిందో చెప్పేవి. ఎంతమందిని చంపుతోందో వాటిలో లేదు. తీవ్రతకు వేరే కొలబద్ద అప్పట్లో ఆ సంస్థ దగ్గర లేకపోయింది. అమెరికాలో 2007లో చేసుకున్న కొలబద్దకేమో మరణాల శాతమే ఆధారం, తుపానుల్లా ఒకటి నుంచి ఐదు దాకా. ఏ అంకె తొలినాళ్లలో అసలు తెలియదో దాని మీదే కట్టిన మేడ అది. తర్వాత దాన్ని పక్కనపెట్టి, వ్యాప్తినీ తీవ్రతనూ విడివిడిగా కొలిచే పద్ధతి తెచ్చారు.

2010లో ఎదురుదాడి మొదలైంది. మహమ్మారి నిర్వచనంలో పెద్ద సంఖ్యలో జబ్బులు, మరణాలు అనే మాటలు ఉండేవనీ, ప్రకటనకు కొద్ది వారాల ముందే సంస్థ వెబ్‌సైటు నుంచి వాటిని తీసేశారనీ, మందుల కంపెనీల మేలు కోసమే ఇదంతా అనీ యూరప్ కౌన్సిల్‌లో విచారణ జరిగింది. బ్రిటిష్ మెడికల్ జర్నల్ కూడా సలహాదారులకు కంపెనీలతో ఉన్న సంబంధాలను బయటపెట్టింది. హార్వీ ఫైన్‌బర్గ్ నాయకత్వంలో వేసిన సమీక్షా సంఘం 2011లో కుట్ర ఆధారాలేవీ లేవని చెబుతూనే సంస్థ పనితీరులో లోపాలు చాలానే ఎత్తిచూపింది. నా మటుకు నాకు కుట్ర వాదన నిలబడదు. కానీ ఆ ప్రకటన మీద సలహా ఇచ్చిన అత్యవసర సంఘం సభ్యుల పేర్లను మహమ్మారి ముగిసిందనే దాకా గుట్టుగా ఉంచడం క్షమించరాని తెలివితక్కువ. దాపరికం ఉన్నచోట జనం తమకు తోచిన కారణం అల్లుకుంటారు.

ఫైన్‌బర్గ్‌కి ఈ రంగం కొత్త కాదు. మూడు దశాబ్దాల ముందు, 1976 నాటి స్వైన్ ఫ్లూ వ్యవహారంపై రిచర్డ్ న్యూస్టాట్‌తో కలిసి పుస్తకం రాసింది ఆయనే. ఆ ఏడాది ఫిబ్రవరిలో న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో కొత్త ఫ్లూతో ఒక యువ సైనికుడు చనిపోయాడు. శిబిరంలో రెండు వందల మందికి పైగా సోకినట్టు రక్త పరీక్షల్లో తేలింది. వైరస్ 1918 నాటిదాన్ని పోలి ఉందన్నారు. మార్చిలో అధ్యక్షుడు ఫోర్డ్, పక్కన పోలియో టీకాల ఘనులు సాల్క్‌నీ సేబిన్‌నీ నిలబెట్టుకుని, దేశంలో ప్రతి ఒక్కరికీ టీకా వేస్తామని ప్రకటించాడు. నాలుగు కోట్ల మందికి పైగా వేశారు. వైరస్ శిబిరం గోడ దాటి బయటికి రానేలేదు. టీకా వేసుకున్న లక్ష మందికి ఒకరు చొప్పున అదనంగా గియాన్ బారే అనే నరాల జబ్బు కనిపించేసరికి డిసెంబరులో కార్యక్రమం ఆగిపోయింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అధిపతి డేవిడ్ సెన్సర్ ఉద్యోగం పోయింది. టీకా తయారు చేయించి నిల్వ ఉంచుకోవడం ఒక నిర్ణయం, జనానికి గుచ్చడం ఇంకో నిర్ణయం. రెండింటినీ ఒకే రోజున ఒకే మాటలో తీసేసుకున్నారన్నది ఆ పుస్తకం పట్టుకున్న కీలకం. ఇంతకన్నా తెలివైన విమర్శ ఈ విషయం మీద నేను చదవలేదు.

2009లో యూరప్ ఈ పాఠాన్ని సగమే గుర్తు పెట్టుకుంది. బ్రిటన్ ‘సహేతుకమైన అతి ఘోర పరిస్థితి’ పేరిట 65,000 మరణాల అంకె బయటపెట్టింది. ఆ అంచనాకి కింది కొస 3,100 అని పత్రికలు వేసినా చిన్న అక్షరాల్లోనే. చివరికి బ్రిటన్‌లో నమోదైన మరణాలు 457. ఫ్రాన్స్ 9 కోట్ల 40 లక్షల మోతాదుల టీకా ఆర్డరిచ్చి, అరవై లక్షల మందికి కూడా వేయలేక, సగానికి పైగా రద్దు చేసుకుంది. పోలండ్ ఆరోగ్య మంత్రి ఎవా కోపాచ్ అసలు కొననే లేదు. యూరప్‌లో వాడిన ఒక టీకా వల్ల ఫిన్‌లాండ్, స్వీడన్‌లలో కొందరు పిల్లలకు, కుర్రవాళ్లకు పగటిపూట ఆపుకోలేని నిద్ర జబ్బు వచ్చింది. ఈజిప్టుదైతే వేరే దారి. పంది మాంసం తింటే ఫ్లూ రాదని ఎంత చెప్పినా వినకుండా దేశంలోని మూడు లక్షల పందులనూ చంపించింది. కైరోలో చెత్త ఏరుకుని ఆ పందుల్ని మేపుకునే క్రైస్తవ కుటుంబాల బతుకుతెరువు పోయింది, చెత్త వీధుల్లో పేరుకుపోయింది. ఫ్లూ మాత్రం మనుషుల నుంచి మనుషులకు తన దారిన తాను పాకింది.

మన దేశంలో తొలి కేసు హైదరాబాద్‌దే. 2009 మేలో అమెరికా నుంచి శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుడికి 16వ తేదీన రుజువైంది. అతను కోలుకున్నాడు. అప్పటి నుంచి థర్మల్ స్కానర్లు, ఫారాలు, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో ప్రత్యేక వార్డు, చానెళ్లలో రోజంతా తాజా సంఖ్యలు. ఆగస్టు 3న పుణెలో పద్నాలుగేళ్ల బడిపిల్ల చనిపోయింది, దేశంలో తొలి మరణం అదే. పుణె, ముంబైలలో బళ్లు మూశారు. పుణెలోని నాయుడు ఆసుపత్రి ముందు వేల మంది వరస కట్టారు. ఆ వరసలో నిలబడ్డవాళ్లలో ఎంతమందికి అక్కడే సోకి ఉంటుందో ఎవరూ లెక్కగట్టలేదు. మన దగ్గర మాస్కుల ధరలు పెరిగాయి. చేతిరుమాలులో కర్పూరం, యాలకులు కట్టుకుని వాసన చూస్తే వైరస్ దగ్గరికి రాదని నమ్మినవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ తక్కువేమీ కాదు. టామీఫ్లూగా పేరుపడ్డ ఒసెల్టామివిర్‌ను 2005 నుంచే లైసెన్సు మీద తయారు చేసే కంపెనీ హెటెరో హైదరాబాద్‌దే. అయినా కొన్ని నెలల పాటు ఆ మందు మామూలు దుకాణాల్లో దొరకలేదు, ప్రభుత్వం తన చేతిలోనే ఉంచుకుంది. విచ్చలవిడిగా వాడితే వైరస్ మందుకు లొంగదన్నది కారణం. ఆ జాగ్రత్త సబబే. ఇంతా చేసి ఆ మందు గొప్పేమిటంటే, 2014లో కాక్రేన్ సమీక్షకులు పరీక్షల దస్తావేజులన్నీ తిరగేసి, పెద్దవాళ్లలో లక్షణాలను ఏడు రోజుల నుంచి ఆరు రోజుల పైచిలుకుకు తగ్గిస్తుందన్నారు. ఆసుపత్రిలో చేరికలు తగ్గిస్తుందనడానికి గట్టి రుజువు లేదన్నారు. ఆసుపత్రిలో చేరినవాళ్లకు త్వరగా ఇస్తే ప్రాణాలు దక్కాయని చెప్పే పరిశీలనలూ ఉన్నాయి, ఆ వాదం ఇంకా తెగలేదు. మన టీకాల విషయమైతే, అహ్మదాబాద్ టీకా 2010 జూన్‌లో, పుణెది జూలైలో, హైదరాబాద్ భారత్ బయోటెక్‌ది అక్టోబరులో వచ్చాయి. మహమ్మారి ముగిసిందని ఆగస్టు 10నే ప్రకటించేశారు.

అలా ‘ఉత్త హడావుడి’ అన్న తీర్పు స్థిరపడింది. ప్రపంచమంతటా ప్రయోగశాలలో రుజువైన మరణాలు 18,500 లోపే అన్నది ఆ తీర్పుకు పునాది. 2012లో ‘లాన్సెట్’ పత్రికల్లో ఒకదానిలో వచ్చిన అధ్యయనం ఆ పునాదిని కదిపింది. తొలి ఏడాది అసలు మరణాలు లక్షా యాభై వేలకూ ఐదు లక్షల డెబ్బై అయిదు వేలకూ మధ్య, నడిమి అంచనా 2,84,000. రుజువైన లెక్కకు పదిహేను రెట్లు. అందులో సగానికి పైగా ఆఫ్రికా, ఆగ్నేయాసియా ప్రాంతాల్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పటంలో ఆగ్నేయాసియా అంటే మనమూ అందులోనే. చనిపోయినవాళ్లలో ఎనభై శాతం అరవై ఐదేళ్ల లోపువాళ్లు. మామూలు ఏడాది ఫ్లూకి పోయేవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. ఇక్కడ తలకిందులైంది. కారణం కూడా తెలిసిందే. 1957కి ముందు పుట్టినవాళ్లు చిన్నప్పుడే పాత హెచ్1ఎన్1 సంతతి వైరస్‌లను చూసి ఉన్నారు, వాళ్ల ఒంట్లో దాని జ్ఞాపకం మిగిలింది. తాతకు జలుబుతో పోయింది, గర్భిణి మనవరాలు వెంటిలేటర్ ఎక్కింది. ఇలాంటి వైరస్‌ను ‘తేలిక’ అనడం సగటు పేరుతో చేసే మోసం. లక్షకు 26 మంది అన్న ఇంగ్లండు అంకె నిజమే. ఆ అంకె ఐసీయూ మంచాలు సరిపడా ఉన్న దేశానిది.

భయం చల్లారాక ఏమైందో చూస్తే తమాషాగా ఉంటుంది. 2015లో దేశంలో 42,592 కేసులు, 2,990 మరణాలు. మహమ్మారి ఏడాది 2009తో పోలిస్తే మరణాలు మూడు రెట్లు. 2010లో నమోదైన 1,763 కన్నా కూడా చాలా ఎక్కువ. గుజరాత్, రాజస్థాన్ దెబ్బతిన్నాయి, హైదరాబాద్ ఆ జనవరిలో మళ్లీ మాస్కులు కట్టుకుంది. కానీ విమానాశ్రయాల్లో స్కానర్లు లేవు, ప్రపంచ పత్రికల్లో శీర్షికలు లేవు. ఆ మార్చిలో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు రామ్ శశిశేఖరన్, తారకరామన్ భారత్‌లో తిరుగుతున్న వైరస్‌లో ప్రమాదకరమైన మార్పులు వచ్చాయని ఒక పత్రం ప్రచురించారు. వెంటనే ‘కొత్త రకం స్వైన్ ఫ్లూ’ అని గగ్గోలు. మన ఆరోగ్య శాఖ, పుణె వైరాలజీ సంస్థ కాదన్నాయి. వాళ్ల పత్రానికి ఆధారం అంతకుముందు రెండేళ్లలో భారత్ నుంచి బహిరంగంగా అందుబాటులోకి వచ్చిన రెండే రెండు జన్యుక్రమాలు. రెండింటి మీద అంత మాట అనడం తొందరపాటే, ఒప్పుకుంటాను. కానీ వేల మంది చనిపోయిన దేశం నుంచి లోకం చూడగలిగింది రెండు జన్యుక్రమాలేనా అన్న ప్రశ్నకు మన శాఖ జవాబు చెప్పలేదు. ఎవరూ గట్టిగా అడగనూ లేదు.

భిన్నం మరో కొసకు వెళ్లే జబ్బు బర్డ్ ఫ్లూ. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 పద్దెనిమిది మందికి సోకి ఆరుగురిని చంపింది. అప్పుడు నగరంలోని కోళ్లన్నిటినీ మట్టుబెట్టిన అక్కడి ఆరోగ్యాధికారి ఈ మార్గరెట్ చానే. 2003 నుంచి చూస్తే ప్రపంచమంతటా మనుషుల్లో కేసులు వెయ్యికి కాస్త తక్కువ, మరణాలు దాదాపు సగం. సగమా! ఈ అంకె పట్టుకునే 1918కి అమ్మమొగుడు లాంటిది రాబోతోందని రాసేవాళ్లున్నారు. సోకినా తేలిగ్గా బయటపడ్డవాళ్లు రికార్డుల్లో లేరని, రక్త పరీక్షల ఆధారాలను కలిపి చూస్తే నూటికి ఒకరిద్దరికి ఎప్పుడో సోకి ఉండొచ్చని 2012లో కొందరు వాదించారు. ఆ పరీక్షలు నమ్మదగ్గవి కావని మరికొందరు తిప్పికొట్టారు. అమెరికాలో 2024 మార్చిలో టెక్సస్ పాడి ఆవుల్లో ఈ వైరస్ కనిపించాక కొత్త ఆధారం దొరికింది. ఏడాది తిరిగేసరికి ఆ దేశంలో డెబ్బై మందికి సోకింది, ఒకరే చనిపోయారు. ఎక్కువమందికి కళ్లు ఎర్రబడి నీళ్లు కారడమే జబ్బు. మిషిగన్, కొలరాడో పాడి కార్మికులు 115 మంది రక్తం పరీక్షిస్తే ఎనిమిది మందికి తెలియకుండానే సోకిపోయిందని తేలింది. అదే ఏళ్లలో కాంబోడియాలో ఇంకో శాఖకు చెందిన వైరస్ పిల్లల్ని చంపుతూనే ఉంది. పేరు ఒకటే, తిరిగే వైరస్‌లు వేరు, వెతికే తీరూ వేరు. చైనాలో 2013 నాటి హెచ్7ఎన్9 కూడా ఇలాగే. ఆసుపత్రిలో చేరినవాళ్లలో మూడో వంతుకు పైగా పోయారు. లక్షణాలున్నవాళ్లందరినీ లెక్కలోకి తెస్తే 0.16 నుంచి 2.8 శాతం అని అంచనా. రెండూ సరైన అంకెలే.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో, తణుకు చుట్టుపక్కల, కోళ్ల ఫారాలు బర్డ్ ఫ్లూతో ఖాళీ అయ్యాయి. హైదరాబాద్ దాకా చికెన్ ధరలు పడిపోయాయి. భయం పోగొట్టడానికి వ్యాపారులు ఉచిత చికెన్ మేళాలు పెడితే జనం ఎగబడ్డారు. అమ్ముతుంటే భయపడ్డవాళ్లు ఊరికే పెడితే తిన్నారు, దీనికి వ్యాఖ్య అనవసరం. బాగా ఉడికిన మాంసంలో వైరస్ బతకదు. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయినట్టు పుణె సంస్థ నిర్ధారించింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని వార్తలు వచ్చాయి. మన రాష్ట్రానికి భిన్నం ఒకటి బై ఒకటి, నూరు శాతం. ఆ శాతం చూసి భయపడితే అర్థం లేదు. ప్రమాదం ఉన్నది వండిన కూరలో కాదు, కోడిని కోసి ఈకలు పీకే చేతుల దగ్గర, ఫారంలో చచ్చిన కోళ్లను గోతాల్లో నింపే కూలీల దగ్గర. వాళ్లకు జ్వరమొస్తే పరీక్ష చేస్తున్నారా అన్నది నిజంగా అడగాల్సిన ప్రశ్న. చికెన్ ధర మీద వచ్చినన్ని వార్తలు ఈ కూలీల మీద నా కంటబడలేదు.

2025 చివర్లో బ్రిటన్‌లోనూ, జపాన్‌లోనూ ఫ్లూ ముందుగానే మొదలైంది. హెచ్3ఎన్2లో ‘కె’ అనే కొత్త ఉపశాఖ కారణం. పత్రికలు దానికి ‘సూపర్ ఫ్లూ’ అని పేరు పెట్టేశాయి. ఆసుపత్రులు నిండాయంటే ప్రతి రోగికీ ముందటి ఏళ్లకన్నా జబ్బు ముదిరిందని అర్థం కానక్కర్లేదు. ఒకేసారి ఎక్కువమందికి సోకినా మంచాలు నిండుతాయి. ఈ తేడా శాతంలో కనబడదు. వారం వారం ఆసుపత్రిలో చేరినవాళ్లెందరు, ఐసీయూకి పోయిందెందరు, ఏ వయసువాళ్లు, గర్భిణులెందరు, ఎంతమందికి పరీక్ష చేస్తే ఇంతమంది దొరికారు అన్న వివరాల్లో కనబడుతుంది. మన ఆరోగ్య శాఖల ప్రకటనల్లో కేసులూ మరణాలూ ఉంటాయి. మిగతావి అడిగి రాబట్టాల్సిందే.

గర్భిణులకు ఫ్లూ టీకా వేయించమని 2009 తర్వాత మన మార్గదర్శకాలూ, డాక్టర్ల సంఘాలూ చెబుతూ వచ్చాయి. జాతీయ టీకాల కార్యక్రమంలో అది ఇప్పటికీ లేదు. బయట వేయించుకుంటే వెయ్యి రూపాయలు దాటుతుంది, పైగా ఏటా కొత్తది వేయించుకోవాలి. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర ఒకసారి ముమ్మరిస్తుంది కాబట్టి ఏ నెలలో వేయాలన్నది కూడా ప్రాంతాన్నిబట్టి తేలాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ప్రతి నెలా పరీక్షకు వచ్చే గర్భిణికి ధనుర్వాతం టీకా వేసి, ఐరన్ మాత్రలు ఇచ్చి పంపుతారు. ఫ్లూ టీకా సంగతి ఆమె అడగదు, అక్కడివాళ్లు చెప్పరు.